కవరు మీది ఎంగిలి

ఓ... ఇటు జరుగుండ్రి, దగ్గర కూసోండ్రి! ఆ బీడీ ఆర్పు. నువ్వు గా మొక్కజొన్న కంకి కొరుకుడు జర ఆపు, చప్పుడుకు దయ్యం బెదురుతది! ముచ్చట్లు బంద్ జెయ్యుండ్రి. నడుమ ఎవలన్న దగ్గితే మళ్ల మొదటికెల్లి చెప్త, నాది పూచీ లేదు!

అమాస... మిట్ట మధ్యాహ్నం! దయ్యాలకు రాత్రే టైమని ఎవలు చెప్పిండ్రు మీకు? పొద్దు నడినెత్తి మీదికి రాంగనే మన నీడ మన కాళ్ల కిందికి దూరుతది సూడు... గప్పుడే మన ఒంట్లెకు ఇంకోటి దూరెతందుకు సందు దొర్కుతది!

ఆనాడు మబ్బు ఎట్ల పట్టిందంటే, రాత్రయిందనుకొని గుడ్లగూబలు లేసినయి! ఒకటి నా బుజం మీద కూసొని "గూ..." అన్నది, నా మీద ఒట్టు! ప్రాణహిత నల్లగ ఉడుకుతాంది. ఉరుమొకటి ఉరిమితే రేవుల కట్టేసిన నావలన్ని ఒకదాని ఎనుక ఒకటి దాక్కున్నయి!

గప్పుడు గోదారి మీద పుల్ లేదు, నావలే నడిచేది. నేను, నా జోడిదారు కిష్టన్న నావ గుంజి కట్టి కూసున్నం. జుట్టు ఇరబోసుకొని పోశక్క ఉరికొచ్చింది.

"అన్నా... ఉరుకుండ్రే! నా బిడ్డను బంగ్లల ఏసి తలుపులు పెట్టిండు! లోపట ప్రియాంక వొర్రుతాందే!"

ఎవడు పెట్టిండు? ఆనందరావు! ఆ ఏడే సిరొంచల దిగిండు, ఏ ఊరోడో తెల్వది. తాడిచెట్టు తీర్గ పొడుగు, ఉడుకబెట్టిన గుడ్ల తీర్గ కండ్లు. ఊరి బయట పాత బంగ్ల కిరాయికి పట్టిండు. సామానంత పుస్తకాలే!

ఉగ్రమూర్తి అని ఆంధ్ర దిక్కు ఒక రైటరుండె. క్షుద్ర నవలలు రాసెటోడు. అవి చదివినోళ్లు చీకటిపడ్డంక బయటికి పోవుడు బంద్ జేసి, మంచం కిందనే చెంబు పెట్టుకుంటుండ్రట! ఆయన చచ్చిపొయ్యిండు. ఆయన ప్రతి పుస్తకం మొదటి అచ్చుది ఆనందరావు జమ జేసిండు. రెండో అచ్చుది ఇస్తే ముట్టకపోతుండె. ఆయన చేతి ఉత్తరాలైతే పెట్టెలకు పెట్టెలు. ఎవలన్న ఇయ్యనంటే...? ఆ ఇంట్ల ఒక పీనుగ లేస్తుండె! ఆనందరావు పరామర్శకు పోయి, ఏడ్సి, ఉత్తరం జేబుల ఏసుకొని వస్తుండె!

గని ఒకటి తక్వున్నది. ఉగ్రమూర్తి ఆఖరి నవల సగంల ఇడిసి చచ్చిండు. ఆ మిగిలిన సగం లోకంల ఎవలి కాడ లేదు, రాయనే లేదాయె! గది తనకొక్కనికే గావాలె! అందుకు చచ్చినోన్ని లేపి రాయిపిచ్చుకోవాలె!

చచ్చినోన్ని పిలువాలంటే వాని ఒంటిది ఏదన్న ఉండాలె. వెంట్రుకో, గోరో. ఉగ్రమూర్తిని కాలవెట్టి బూడిద జేసిరి. ఇగ మిగిలిందేంది? ఎంగిలి! కవరు మూతి నాలుకతోని తడిపి అంటిస్తరు గద... గా తడి! గని ఉత్తరం అందినోడు ఊకుంటడా? మూతి పర్రున చింపుతడు, తడి గాలికి పోతది. చింపని కవరు లోకం మొత్తంల పోశక్క ఇంట్లనే ఉన్నది!

ఎట్లంటే, పోశక్క పెనిమిటి ఈశ్వర్ మా తీర్గనే నావ నడుపుతుండె. తెలుగు పుస్తకాల పిచ్చి. ఉగ్రమూర్తికి ఉత్తరం రాసిండు. జవాబు బయలెల్లింది. వానకాలం! వాగులొచ్చి తొవ్వలు తెగి, టపా సంచి నడుమ ఆష్టి ఊరి కాడనే ఆగింది. కవరు ఇల్లు జేరెవరకు ఈశ్వర్‌ను ప్రాణహిత తీస్కపోయింది. ఇంట్ల తెలుగు చదివెటోళ్లు లేరు. మన సిరొంచ మహారాష్ట్రల ఉండె, మనదంత గంతే గద, నోట్లె తెలుగు, బడిల మరాఠీ. పెనిమిటి పేరు మీద వచ్చింది తానెట్ల చింపాలెనని పోశక్క దాన్ని బియ్యం డబ్బల దాసింది.

ఆనందరావు వాసన పట్టిండు. "ఆ మహానుభావుడు కలం తప్ప మరోటి ముట్టలేదమ్మా! మంచినీళ్ళు కూడా భార్యే నోటికి అందించాలి! అటువంటి వాడి కవరు నీ బియ్యం డబ్బాలోనా!" అని కండ్లకద్దుకున్నడు. "మీ అమ్మాయికి తెలుగు చదవడం వచ్చా?"

"రాదయ్యా, మరాఠీ బడి."

"మంచిది... చాలా మంచిది. పుస్తకాలు దులపడానికి పంపించు."

పోశక్క మురిసి, కవరిచ్చింది. కవరెనుక బిడ్డను సుత పంపింది!

తెలుగు రాని చెయ్యే ఎందుకు? ఆ చెయ్యి తెలుగు రాసిందంటే రాసేది ఉగ్రమూర్తే అని పక్కా! నవల ఆఖరి అచ్చరం పడంగనే పిల్ల పానం బయటికి, ఒళ్లు ఉగ్రమూర్తికి! ఇగ ఆ పిల్ల ఒంట్ల ఆయనను కట్టేసి, బతికినన్నొద్దులు కొత్త నవలలు రాయిపిచ్చుకోవచ్చు!

మేం ఉరికినం. తలుపు దంచినం, కదలలే. కిటికీ సందుల కెల్లి చూస్తే... అమ్మో! పుస్తకాలు గోడల తీర్గ పేర్సి ఉన్నయి. నడుమ బొగ్గుల మీద పుర్రె! పుర్రెల నీళ్లు మసులుతున్నయి! ముంగట ప్రియాంక... నోట్లె నురుగు, కండ్లల్ల తెల్లగుడ్డే! చేతిల పెన్ను కట్టి ఉన్నది!

"బిడ్డా!" అని పోశక్క వొర్రింది.

"తలుపు ముట్టుకుంటే దీని తల ఇక్కడ, మొండెం ఏట్లో!" అని ఆనందరావు కత్తి ఎత్తి చూపిండు. మా చేతులు గక్కడనే ఆగినయి.

పుర్రె ఆవిరి మీద కవరు పట్టిండు. మూతి మెల్లగ... మెల్లగ... ఊడింది! లోపటి కాగితం ఇసిరేసి, ఆ తడి మూతి తెచ్చి పిల్ల నొసటికి ఒత్తిండు.

"ఓ ఉగ్రమూర్తీ! ప్రేతలోక చక్రవర్తీ! నీ ఎంగిలి మీద ఆన... ఆవహించు! ఆవహించు!!"

పిడుగు! బంగ్ల అదిరింది! ప్రియాంక వొర్రిన వొర్రుడుకు నా బుజం మీది గుడ్లగూబ మూర్ఛపోయింది! వొర్రి... వొర్రి... ఠక్కున ఆగింది. తలకాయ లేపింది. చెయ్యి మెల్లగ కదిలింది. ఆనందరావు కాగితం ముంగటికి జరిపిండు. చెయ్యి పెన్ను మీదికి పోయింది...

పెన్నుకు మూత పెట్టింది!

"ఆ పుర్రె ఎవరిదయ్యా? కడగకుండా నట్టింట్లో పెట్టారేంటి!"

పెద్ద ఆడమనిషి గొంతు! ఆంధ్ర గొంతు!

"గు... గురుదేవా...?"

"ఎవర్రా నీకు గురుదేవుడు? ఆయన పెళ్ళాన్ని, మాణిక్యమ్మని! ఆయన ఏనాడన్నా కవరు అంటించాడనుకున్నావా? రాసి అవతల పారేసేవాడు! కాపురానికొచ్చిన కాణ్నుంచీ నాకి అంటించింది నేను! చచ్చినా నా నాలుక మీద ఆ జిగురు వదల్లేదు!"

ఆనందరావు నల్లగయ్యిండు. "పో! ప్రేతమా, పో! హ్రీం... హ్రూం..." అని బూడిద సల్లిండు.

"పిలిచింది నువ్వేగా! చచ్చాకైనా నన్ను కాసేపు కూర్చోనివ్వరా?"

వానికి పిచ్చి లేసింది. "నాకు దక్కని ఒళ్ళు ఎవరికీ దక్కదు!" అని కత్తి పిల్ల గొంతు మీద పెట్టిండు! నెత్తురు చుక్క ఎల్లింది! పోశక్క నా చెయ్యి కొరికింది, ఇగో మచ్చ!

ఆ తల్లి కదలలే. ఒక్క మాటన్నది, ఉరుము సుత చెవి పెట్టి ఇన్నది:

"నాలుక చాపు!"

కత్తి కింద పడ్డది. ఆనందరావు నాలుక దానంతట అదే బయటికెల్లింది... గడ్డం దాటింది... బొడ్డు దాటింది! కవరు ఎగిరి తన మూతి తెచ్చి ఆ నాలుకకు అంటిచ్చుకున్నది! వాడు గుంజుతడు, అది గుంజుతది! "మ్... మ్...!" నాలుక పోయింది, తలకాయ పోయింది, బుజాలు పోయినయి... చెప్పులతో సహా లోపటికే! కవరు మూతి టప్పున మూసుకున్నది!

తలుపు దానంతట అదే తెరుసుకున్నది. పోశక్క ఉరికి బిడ్డను వాటేసుకున్నది. ఒళ్లు బిడ్డదే, చూపు ఇంకా ఆ తల్లిదే. పోశక్క కింద పడ్డ కాగితం తీసింది. ఆ కండ్ల ముంగట పట్టింది.

"మాణిక్యమ్మా... పోయేముంగట జర ఇది చదువు. మా ఆయనకు ఏం రాసిండ్రో..."

ఆ తల్లి చదివింది: "ఈశ్వర్ గారికి. మీ రెండు నదులు కలిసేచోట నీళ్ళు రెండు రంగులుగా పారతాయని రాశారే, నేను కూడా అంత బాగా రాయలేను. ఇంకా రాయండి."

పోశక్క కొంగు నోట్లె కుక్కుకున్నది. ప్రియాంక కండ్లల్లకు నల్లగుడ్లు దిగినయి.

"అవ్వా, నా నాలుక గింత చేదుగున్నదేందే?"

ఇగ కవరు! నేల మీద కప్ప తీర్గ ఎగురుతాంది, లోపటికెల్లి "మ్... మ్..." అంటాంది! బొగ్గులు పట్టే చిమ్టతోని పట్టుకొని, నావల ఏసుకొని, ప్రాణహిత గోదారిల గా రెండు రంగుల నీళ్లు కలిసే కాడికి పోయి నడుమ ఇసిరేసిన. సుడి గుటుక్కున మింగింది. మబ్బు ఇడిసింది, ఎండ కొట్టింది. నేను దండం పెట్టిన, పోశక్క దండం పెట్టింది.

కిష్టన్న మాత్రం తెడ్డు పట్టుకొని ఆ సుడి దిక్కే చూస్తాండు. మొకంల మస్తు పరేషాన్.

"ఏందిరా?" అన్న.

"అన్నా, గా కవరు మీదున్నది పాత స్టాంపే గద! ముద్ర సుత పడ్డది, మళ్ల నడ్వది. రేపు వాపస్ వస్తే జుర్మానా ఎవలు కడుతరే?"