పరామర్శ ఎపిసోడ్

స్టూడియోలో రెండొందల మంది ఒక్కసారిగా విరగబడి నవ్వారు. గోడ మీది స్క్రీన్ మాత్రం "4" అని చూపించింది.

"నూటికి నాలుగా!" తాతబ్బాయి నెత్తి పట్టుకున్నాడు. పదకొండేళ్లుగా "నవ్వుల సంత" స్కిట్లు రాసేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. ఈ రోజు అంకె యాభై దాటకపోతే కార్యక్రమం ఆపేస్తామని ఛానల్ ఎం.డి. ముందే చెప్పేశారు.

ఆ అంకెలు చూపించే యంత్రాన్ని కనిపెట్టింది డాక్టర్ విశాలాక్షి. "నిజంగా నవ్వితే ముందు పొట్ట అదురుతుందండీ, తరవాతే నోరు తెరుచుకుంటుంది. మర్యాదకు నవ్వితే నోరొక్కటే పనిచేస్తుంది. అందరి నడుములకీ కట్టిన బెల్టుల్లో సెన్సర్లున్నాయి. వాటికి నోటితో పనిలేదు" అందామె.

పాపం, ఆ ప్రేక్షకులు కృష్ణానగర్ నుంచి రోజుకూలికి వ్యాన్లలో వచ్చేవాళ్లు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఎత్తితే నవ్వుతారు, దించితే ఆపుతారు. ఇన్నేళ్లలో పొట్టల సంగతి ఎవరూ అడగలేదు.

ఈ ఎపిసోడ్ అంతా పరామర్శల మీదే. మొదటి స్కిట్లో ఓ బంధువు, కాలు విరిగినవాడి మంచం పక్కన కూర్చుని, అలాగే కాలు విరిగి చనిపోయినవాళ్ల పేర్లన్నీ చెబుతాడు. రెండోదాంట్లో పొరుగాయన, ఫ్రిజ్ చెడిపోయిన ఇంటికి అరటిపళ్లు తెచ్చి, "బాధపడకుండా పోయిందండీ" అని కళ్లొత్తుకుంటాడు. అంకె నాలుగు నుంచి రెండుకి దిగింది.

"ఈ రోజుతో సరి" అంటూ ఎం.డి. లేచారు.

తాతబ్బాయి స్కిట్లోని మంచం మీదే కూలబడిపోయాడు. ఆయనకి వేరే పని రాదు. అందరి ముందూ బావురుమన్నాడు.

ముందు వరసలోని గౌరమ్మకి మనసు ఆగలేదు. బల్ల మీదున్న అరటిపళ్లు అందుకుని వచ్చి పక్కన కూర్చుంది. "ఏడ్వకు అన్నా. మా మరిది కొలువు గూడ గిట్లనే పోయింది. నీ లెక్కనే మంచిగ ఉండె. ఆర్నెల్లు గూడ బతకలే."

తాతబ్బాయి ఏడుపు ఆపి ఆమెని చూశాడు. ఇంతలో ఫ్లోర్ మేనేజర్ వచ్చి భుజం తట్టాడు. "బాధపడకుండా పోయింది సార్, మన కార్యక్రమం." చివరికి ఎం.డి. గారే వెనక్కొచ్చి, "ఏం సాయం కావాలన్నా మొహమాటపడకండి" అన్నారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఎత్తనే లేదు. స్క్రీన్ మీద ముప్పై అయింది, అరవై అయింది, తొంభై ఏడు దగ్గర ఆగింది. తాతబ్బాయి కూడా ముక్కు తుడుచుకుంటూ పడీపడీ నవ్వాడు. కార్యక్రమం బతికింది.

"ఇప్పుడెందుకు నవ్వారు?" అని ఎం.డి. ఆరా తీశారు.

"ఈసారి పోయింది నిజంగా పోయింది గదండీ" అని చెప్పింది విశాలాక్షి, ఏమీ ఆలోచించకుండా.

ఎం.డి. ఆ మాట మరిచిపోలేదు. మరుసటి వారం రికార్డింగు మధ్యలో ఫ్లోర్ మేనేజర్‌ని నిజంగానే తీసేశారు. అంకె తొంభై రెండు. ఆపై వారం మేకప్ చేసే సుగుణ. తొంభై ఐదు. పరామర్శ మాటలు తాతబ్బాయివే. రాస్తున్నంతసేపూ ఆయనకి సిగ్గేసేది, అయినా రాసేవాడు.

ఆరోవారం ఎం.డి. మైకు అందుకుని, "యంత్రం ఇక తనంతట తానే నడుస్తుంది. డాక్టర్ గారి అవసరం లేదు" అన్నారు.

విశాలాక్షి మొహం పాలిపోయింది. తాతబ్బాయి అరటిపళ్లు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. రాసుకున్న మాటొక్కటీ నోటికి రాలేదు. హాలంతా మాత్రం ఘొల్లున నవ్వింది.

"ఎంతొచ్చింది?" అని మెల్లగా అడిగింది ఆమె.

"నూరండీ."

"చూశారా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అంటూ విశాలాక్షి నవ్వింది. నోరొక్కటే నవ్విందని తెలుసుకోవడానికి తాతబ్బాయికి బెల్టు అక్కర్లేకపోయింది.