ఎడమ పక్క వెలుతురు

"తల వెనక బల్బు పెట్టుకోని పని చేస్తే నీ నీడే నీ చేతుల మీద పడుతుందప్పా," అన్నాడు శివప్ప, నిచ్చెన మీది నుంచి వైరు లాగుతూ. "ఎదురుగా రెండు ట్యూబులు, అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి. పెండ్లి పందిరి మాదిరి ఉంటాది చూడు!"

నవ్వబోయి, కుళ్లాయప్ప ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు.

మడకశిర చివర, ఇంటిని ఆనుకుని ఉన్న ఆ రేకుల షెడ్డులో కుళ్లాయప్ప బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఈ రోజు దాకా అక్కడ ఒక్కటే బల్బు. రెండేళ్ల కిందటి దాకా, నీడ పడకుండా భార్య గంగాదేవి ఎడమ పక్క నిలబడి, ఇనుప పిడి ఉన్న చేతిదీపం పట్టుకునేది. షెడ్డు వెనక, లీకైన కరెంటు భూమిలోకి పోయేందుకు తవ్విన ఎర్తు గుంతలో రోజూ బిందెడు నీళ్లు పోయాలి. మట్టి ఎండితే ఎర్తు పనిచేయదు, ఇనుము ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఆ ఎండాకాలం నాలుగు రోజులు ట్యాంకరు రాలేదు. మిగిలిన ఒక్క బిందెనూ గుంతలో పోయకుండా పిల్లలు తాగడానికి దాచాడు కుళ్లాయప్ప. ఆ సాయంత్రం ఆమె దీపం పట్టుకుంది. మళ్లీ వదల్లేకపోయింది.

పిల్లలిద్దరినీ గంగాదేవి తల్లి తిమ్మమ్మ బళ్లారికి తీసుకుపోయింది. "ఆ షెడ్డు బాగు చేసినంకనే పంపిస్తా," అని తెగేసి చెప్పింది. అప్పటి నుంచి ఆయన బిడ్డల్ని ఫోన్‌లోనే పెంచుతున్నాడు. అన్నం తిన్నారా, దగ్గు తగ్గిందా, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోలేదు కదా...

శివప్ప వెళ్లాక, పొద్దు గూకే వేళకు, కుళ్లాయప్ప గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి వచ్చి స్విచ్చి వేశాడు. మూలమూలా తెల్లబడింది. బల్ల మీద స్క్రూడ్రైవరును పిడి మీద నిలబెట్టి చూశాడు. నీడ లేదు. కూతురికి ఫోన్ చేశాడు.

"ఆశ్రితా, అంతా అయిపోయిందమ్మా. ఆదివారం రాండి."

"నిజంగానా నాయనా? తమ్మునికి చెప్పొస్తా, ఉండు!"

స్పీకరు వేసి, కట్ చేయకుండానే ఫోను బల్ల మీద పెట్టాడు.

అప్పుడు వచ్చింది వాసన. ఆ సాయంత్రం షెడ్డంతా నిండిన, కాలిన వార్నిషు వాసన.

స్క్రూడ్రైవరుకు నీడ ఉంది... ఒక్కటే. కుడివైపుకు. ఎడమ పక్కన, భుజమెత్తున, ఎవరో దీపం పట్టుకున్నట్టు.

నీడ వణికింది. చాలాసేపు పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టినట్టు.

"గంగా..." ఎడమ పక్కకు తిరిగాడు. "నీళ్లు పోసినానే... ఈ పొద్దు రెండు బిందెలు పోసినా..."

ఎడమ చెంపకు వేడి తగిలింది.

బయటికి పరుగెత్తి గుంతలో చెయ్యి పెట్టాడు. పొడి మట్టి. మోచేతి దాకా దించాడు. అంతా పొడి.

తిరిగి వచ్చేసరికి ఫోనులో కూతురి గొంతు. "నాయనా? యాడికి పోయినావు? తమ్ముడు బట్టలు సర్దుకుంటాండాడు."

"ఆదివారం వద్దమ్మా."

"లైట్లు వేయించినావు కదా నాయనా... ఇంకేమి కావాల?"

 అవతల చిన్నగా ఏడుపు మొదలైంది. వినలేక పెట్టేశాడు.

మెయిను స్విచ్చి దించాడు. నాలుగు ట్యూబులూ ఆరిపోయాయి. గోడలు, బల్ల, మోటార్లు... అన్నీ చీకట్లో కలిసిపోయాయి.

ఆయన రెండు చేతులు మాత్రం, ఎడమ పక్క నుంచి పడే వెలుతురులో, కనబడుతూనే ఉన్నాయి. గోళ్ల కింది గ్రీజుతో సహా. వాటి మీద ఏ నీడా లేదు.