నాయనమ్మ చేతి చలవ

సముద్రం మధ్య దీవిలో, లంబాసా ఊరి చివరి ఇంట్లో పొద్దున్నే కొబ్బరినూనె కాగిన వాసన. నాయనమ్మ అసినాటె చాప మీద కూర్చుని, "రా తల్లీ, కాలు చాపు," అంది. మనవరాలు కెలెరా బోర్లా పడుకుంది. మూడేళ్లుగా ప్రతి పొద్దునా ఇంతే.

నాలుగు వందల మీటర్లలో కెలెరాను మించిన పిల్ల తన బడిలో లేదు. తీరా చుట్టుపక్కల బడులన్నీ కలిసే జోన్ పోటీలకు వెళ్తే, చివరి మలుపులో ఎడమ తొడ వెనక కండరం పట్టేసి కుంటుకుంటూ బయటికి రావడమే. వరసగా మూడేళ్లూ అంతే. మొన్న సాధనలో మళ్లీ పట్టేసింది. ఈ ఏడాదితో బడి చదువు అయిపోతుంది, పోటీలకు ఏడు వారాలే ఉన్నాయి. చూసేవాళ్లకే నీరసం వస్తోంది, ఇక ఆ పిల్లకెలా ఉంటుంది!

ఉడికిన కర్రపెండలం పళ్లెంతో వచ్చిన తల్లి ఉనైసి అది చూసి ఆగిపోయింది.

"ఆపండత్తయ్యా. చినిగిన కండరాన్ని పిసికితే ఇంకా చినుగుతుందని నిన్న ఆసుపత్రిలో చెప్పారు."

"వాళ్లు నిన్న పుట్టారు. ఈ చేత్తో ఎంతమందిని లేపి పరిగెత్తించానో ఊరంతా చెబుతుంది."

"ఊరి సంగతి సరే. దీన్ని ఎన్నిసార్లు పడేశారు?"

అనేశాక ఉనైసి నాలిక కరుచుకుంది. ముసలామె చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు చెప్పవే. నొప్పెడుతోందా?"

కెలెరా చాప మీంచి మొహం ఎత్తలేదు. "నొప్పెడుతోంది నాయనమ్మా. రుద్దించుకోవద్దని ఆసుపత్రిలో నాకు మొదటి ఏడాదే చెప్పారు."

"మరి నీకేం నోరు పడిపోయిందా?"

"తాతయ్య చనిపోయిన ఏడాది కదా అది. నువ్వు పక్క మీంచి లేచేదానివే కాదు. నా కాలు పట్టేసిందంటేనే లేచావు. ఇంకెలా చెప్పను?"

అసినాటె కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. చేతుల నిండా నూనె, తుడుచుకోలేకపోయింది. కోడలే వంగి తన బట్ట అంచుతో తుడిచింది.

"ఏం చెయ్యమన్నారు మరి?" అంది ముసలామె చివరికి.

"రెండు వారాలు పరుగు లేదు. పొద్దున్నే మెల్లగా నడవాలట. తర్వాత చూద్దామన్నారు," అంది కెలెరా లేచి కూర్చుంటూ.

"పోటీలకు అందుకుంటావా?"

"తెలీదు. అలిసిపోయాను నాయనమ్మా. అయినా నడుస్తా."

అసినాటె చేతులు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది.

"పద, నేనూ వస్తా. నాకన్నా ముందుకెళ్లావో, వీపు పగుల్తుంది."