డ్యూటీలో మింగిన మాత్రలు

పొద్దున్నే టీ గిన్నె స్టవ్ మీంచి దించి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కోడలి ముందు నిలబడింది అప్పయమ్మ. ఆ హిందీ ఊళ్ళోని రైల్వే క్వార్టర్‌లో కొన్నాళ్ళుగా దేవుడి దీపం కంటే ముందు జరిగే తంతు అదే. ప్రసూన మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"నోరు తెరు."

తెరిచింది.

"నాలిక పైకెత్తు. ఆఁ... సర్లే, మూసీ."

ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని అలా సోదా చేస్తున్నందుకు అప్పయమ్మ ఏమాత్రం సిగ్గుపడలేదు. మనవడి మంచికే అనుకుంది. మూడో నెలలో తీసిన రక్తంలో ప్రసూనకి హెచ్‌ఐవీ ఉందని బయటపడింది. తర్వాత పరీక్ష చేయిస్తే మొగుడు గిరిబాబుకీ ఉందని తేలింది. మందు రోజూ వేసుకుంటే బిడ్డకి సోకకుండా చూడొచ్చని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. నెలలు గడిచినా ప్రసూన ఒంట్లో వైరస్ తగ్గలేదు. కోడలు మాత్రలు పారేస్తోందని అప్పయమ్మ తీర్పు చెప్పేసింది. కొడుకూ మాత్రలు మింగుతున్నాడు, ఆ నోరు మాత్రం ఎవరూ తెరిపించలేదు.

"మింగితే తగ్గదేటి? లోకం అందరికీ తగ్గుద్ది, నీకే తగ్గదు. అసలు ఈ రోగం నా కొడుక్కి ఎలగొచ్చిందో ఆ దేవుడికే ఎరుక!"

ఆ మాట అనడానికి ఆవిడకి నోరెలా వచ్చిందో!

ప్రసూన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "ఇవాళ రిపోర్టు వస్తుంది. మీరూ రండి అత్తమ్మా," అంది.

ఆసుపత్రిలో కూడా అత్తని బయట కూర్చోనివ్వలేదు. "ఆవిడ ముందే చెప్పండి మేడమ్. నా మాట నమ్మరు," అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ హిందీలో నింపాదిగా మొదలుపెట్టింది. "మాతాజీ, మీ కోడలి తప్పేం లేదు. మొదటి మాత్ర వేసుకోకముందు తీసిన రక్తం కొంత దాచి ఉంచాం. దాన్నే పరీక్షకి పంపాం. అప్పటికే ఆమెలో ఉన్న వైరస్ ఈ మందుకి లొంగే రకం కాదు."

"మందే మింగకముందు, మందుకి లొంగకపోడమేటి?" అంది అప్పయమ్మ తెలుగులో. ప్రసూన ఆ ప్రశ్న హిందీలో అడిగింది.

"ఆమెకి ఎవరి నుంచి వచ్చిందో వాళ్ళు ఈ మందు కొన్నాళ్ళు మింగి, కొన్నాళ్ళు మాని ఉండాలి. అలా చేస్తే వైరస్ మొండికేస్తుంది. ఆ మొండిదే ఈమెకి అంటింది. లేదా వాళ్ళకే ఇంకొకరి నుంచి అలాంటిది వచ్చి ఉండొచ్చు. ఏదైనా ఇప్పుడు మందు మారుస్తున్నాం. కానీ మీవారు ఇంతకుముందు ఏ మందులైనా వాడారేమో కనుక్కో బేటీ. బిడ్డకి ఏది పనిచేస్తుందో తేల్చుకోవాలంటే అది మాకు తెలియాలి."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు అప్పయమ్మ పైట సర్దుకుంది. ప్రసూన మందుల కిటికీ దగ్గర లైన్లో ఉండగా, ఓ స్తంభం చాటుకెళ్ళి కొడుక్కి ఫోన్ చేసింది.

తిరుగు ప్రయాణంలో ఆటో గతుకుల్లో పడుతుంటే ఆవిడకి అన్నీ గుర్తొచ్చాయి. గిరిబాబు గూడ్సు బండి లోకోపైలట్. వాడికి జబ్బున్నట్టు పెళ్ళికి ముందే తెలిసింది. రైల్వేలో ఎవరి చెవినా పడకుండా రాయ్‌పూర్ వెళ్ళి మందు తెచ్చుకునేవాడు. వైరస్ అణిగిందని అక్కడి వాళ్ళు చెప్పగానే, ఇంకేం, తగ్గిపోయిందనుకుని బొబ్బిలి సంబంధం ఖాయం చేసేసింది అప్పయమ్మ. మందు మానొద్దన్నారని కొడుకు నసిగితే ఉపాయం కూడా తనే చెప్పింది. డ్యూటీకి వెళ్ళినప్పుడు డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూములో మింగు, ఇంటికాడ వద్దు, కొత్తపెళ్ళాం చూస్తే పరువు పోద్ది అంది. డబ్బా డ్యూటీ బ్యాగులోనే ఉండేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మందు లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగింది ఆ కాపురం.

మధ్యాహ్నం గిరిబాబు డ్యూటీ దిగి వచ్చాడు. బ్యాగు కింద పెట్టకముందే ప్రసూన ఎదురొచ్చింది.

"ఏవండీ, ఈ మందు మీరు ఇంతకుముందు వాడారా?"

"అరే, క్యా బాత్ కర్ రహీ హో? ఏం మాటలవి? నీతోపాటే కదా నాకూ తెలిసింది!"

"బిడ్డ కోసం అడుగుతున్నాను. వాడి ఉంటే చెప్పండి చాలు."

"నాకే ఇంకొకళ్ళ నుంచి అలాంటిది వచ్చి ఉండొచ్చని డాక్టర్ చెప్పిందా లేదా? బస్, ఖతమ్."

ప్రసూన "ఆ మాట నేను మీకింకా చెప్పలేదే!" అంటూ అత్త వైపు తిరిగింది.

దొరికిపోయినవాడికి కోపమెక్కువ. గిరిబాబు గొంతు పెంచాడు. "అసలు నీకెక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? నాకు నువ్వే తెచ్చావేమో!"

రోజూ తను దెప్పే మాటే. ఇప్పుడు కొడుకు నోట వింది అప్పయమ్మ. కోడలి చెయ్యి పొట్ట మీదకి పోవడం చూసింది. ఇప్పుడు తను నోరు మూసుకుంటే కొడుకు పరువు నిలుస్తుంది. ఆ పొట్టలోదానికి ఏ మందు పనిచేస్తుందో మాత్రం డాక్టరమ్మకి తెలియదు.

"నోర్ముయ్‌రా గిరీ!" అని అరిచింది. "ఆడికి పెళ్ళికి ముందే ఉందమ్మా. రాయ్‌పూర్ మందు మింగీవోడు. డ్యూటీలో మింగు, ఇంటికాడ వద్దని నానే సెప్పినాను. నీ కంట పడకూడదని. సెప్పరా, ఆ మందు పేరేటో సెప్పు!"

గిరిబాబు గోడకి చేరబడి తలొంచుకుని చెప్పాడు. ప్రసూన డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఆ పేరు, వాడిన కాలం, మానిన తీరు అన్నీ వివరంగా చెప్పింది.  ఫోన్ పెట్టేసి గోడవారగా కూర్చుంది.

"అమ్మా, నన్ను కొట్టమ్మా," అని కాళ్ళ దగ్గర కూర్చుంది అప్పయమ్మ.

"రోజూ నా నోరు తెరిపించి చూశారు అత్తమ్మా. మింగాల్సిన మీ అబ్బాయి నోరు మాత్రం మూయించారు," అంది ప్రసూన. "నాకిప్పుడు నా బిడ్డ కావాలి. మీతో తగువుకి నా దగ్గర ఓపిక లేదు."

మర్నాడు పొద్దున టీ మరిగింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని వంటింటి గడపలోనే ఆగిపోయింది అప్పయమ్మ.  ప్రసూనే వచ్చి గ్లాసు అందుకుంది. కొత్త మాత్రలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

తర్వాత, ఎవరూ అడక్కుండానే, అత్త ముందు నిలబడి నోరు తెరిచింది. నాలుక పైకెత్తింది.

"వద్దమ్మా," అని మొహం తిప్పుకుంది అప్పయమ్మ. "నాను సూడనేనమ్మా."

ప్రసూన కదల్లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి నిలబడింది. అప్పయమ్మ ఏడుస్తూనే తలెత్తి చూసింది.