నలభై రెండేళ్ళనాటి నమూనా

"నేను దొంగను కానండీ" అంటూ ఆ అమ్మాయి లోపలికి వచ్చింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. చేతిలోని నీలం కాగితపు పొట్లాన్ని బల్లమీద పెట్టి, మళ్ళీ గుండెకు హత్తుకుంది.

డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్ళు ఇప్పించింది. కోర్టులో పాతికేళ్ళు టైపిస్టుగా పనిచేసి, ఇప్పుడు డిటెక్టివ్‌కు సహాయకుడిగా ఉన్న పెద్దమనిషి నోటుపుస్తకం తెరిచాడు. మేడమ్ నోట వచ్చే ఒక్క ముక్క కూడా జారిపోకూడదని ఆయన పట్టుదల.

అమ్మాయి కొంచెం తేరుకుని చెప్పింది. పత్తి ఎక్స్ఛేంజి చరిత్ర రాసే పని మూడు నెలలుగా ఆమెది. భవనం మూసేస్తున్నారు. రికార్డుల గదిలోని పత్తి నమూనాలన్నీ సోమవారం మ్యూజియానికి వెళ్ళాలి. వాటిలో ఒకటి మారిపోయింది.

"నిన్న తడిచేత్తో పట్టుకుంటే పైన సిరా వేలికంటింది. నలభై రెండేళ్ళనాటి సిరా అంటదు కదండీ! విప్పి చూస్తే లోపల తెల్లటి కొత్త పత్తి. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. సాయంత్రంలోగా దొరక్కపోతే పోలీసులకు చెబుతానన్నారు సెక్రటరీగారు."

"ఆ నమూనాకి అంత ప్రత్యేకత ఏమిటమ్మా?"

"అప్పట్లో ఒక పెద్ద వ్యాపారి సరుకు రెండో రకమని ఎక్స్ఛేంజి తేల్చింది. ఆయన మళ్ళీ పరీక్ష చేయమన్నాడు. మళ్ళీ అదే మాట. కల్తీ మనిషి అన్న పేరు భరించలేక ఊరే వదిలి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే రైతులూ సరుకు తేవడం మానేశారు. రెండేళ్ళకి హాల్లో వేలం ఆగిపోయింది. ఆ రెండో పరీక్ష నమూనాని ల్యాబుకి పంపుదామని ఉత్తరం రాసి నా బల్లమీద పెట్టాను. గదిలోకి వచ్చే అందరూ చూశారు."

పొట్లంమీద రాతను డిటెక్టివ్ భూతద్దంతో చాలాసేపు చూసింది. "కాగితం పాతదే. రాత ఎవరిది?"

"నమూనాల గదిలో పనిచేసినావిడ రాతలాగే ఉంది. ఆ వ్యాపారి కూతురే ఆవిడ. తండ్రితోపాటే వెళ్ళిపోయింది."

"ఎదురుగా పెట్టుకొని కాపీ కొట్టింది కాదిది. చెయ్యి ఎక్కడా ఆగలేదు" అంది డిటెక్టివ్. టైపిస్టు ఆ మాట కింద గీత గీశాడు.

ఎక్స్ఛేంజి హాలు చల్లగా ఉంది. దళారులు నిలబడి అరిచిన చెక్క మెట్లు వాళ్ళ బూట్ల కింద అరిగి, మధ్యలో గుంటలు పడ్డాయి. ఆఖరి రోజు ధరలు నల్లబోర్డుమీద ఇంకా కనపడుతున్నాయి. పైన ఉత్తరం వైపు అద్దాల నుంచి నీడలు పడని వెలుగు దిగుతోంది.

సెక్రటరీ చిరాగ్గా ఎదురొచ్చాడు. ఆ రోజుల్లో ఎక్స్ఛేంజి అధ్యక్షుడు ఆయన తండ్రే.

"పోయినవాళ్ళని బోనెక్కించడానికా మేం చరిత్ర రాయించుకునేది?" అన్నాడు.

"అంటే నమూనా పోవడం మీకు మంచిదేగా?"

"మంచిదే. కానీ తీసింది నేను కాదు."

వాచ్‌మన్ దండం పెట్టాడు. "నాకు పత్తికీ పరుపుకీ తేడా తెలీదు మేడమ్. ఒకటి పడుకోడానికి పనికొస్తుంది, అంతే."

కిటికీ పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఎక్స్ఛేంజిలో పత్తి రకం తేల్చే పెద్ద గ్రేడరు. అమ్మాయికి పాత రకాల సంగతులు చెప్పడానికి ప్రతి బుధవారం వస్తాడు. "తాతగారికి టీ తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు బీరువా తెరిచే ఉంటుంది. సెక్రటరీగారొచ్చినా, వాచ్‌మన్ వచ్చినా అంతే" అని అమ్మాయి ఒప్పుకుంది.

టైపిస్టు సరదాపడి, మెట్లకింద దొరికిన దూది ముక్కను దూరం నుంచే ముసలాయనకు చూపించాడు. "ఇది ఏ రకమండీ?"

"ఇలా ఇవ్వండి. కళ్ళతో చూసి చెప్పేవాడు గ్రేడరు కాడు. వేళ్ళకి తగలాలి." ఆయన దాన్ని అందుకుని, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, పోగుల్ని వెలుగులో పరిచాడు. "పొట్టి పింజ. వానలో తడిసింది."

డిటెక్టివ్ బల్లకు ఆ చివర నీలం పొట్లం విప్పింది. "మరి ఇది?"

"పొడుగు పింజ. కిందటేడు పంట. మొదటి రకం" అన్నాడాయన కూర్చున్న చోటు నుంచే.

ఆమె తల ఊపి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది.

నాలుగింటికి అందరినీ ఆ చెక్క మెట్లమీద కూర్చోబెట్టింది.

"తీసినవాళ్ళు దాన్ని మాయం చేసి ఊరుకోలేదు. బదులు ఒకటి పెట్టారు. వాచ్‌మన్‌కి పత్తి రకాలు ఏరడం రాదు. ఈ అమ్మాయే ల్యాబుకి పంపుతానంది, తనెందుకు మారుస్తుంది? సెక్రటరీగారు వద్దనుకుంటే మ్యూజియానికి వెళ్ళే పెట్టెని దారిలో పోగొట్టడం చిటికెలో పని. పైగా తండ్రి మాట నిలబెట్టాలంటే ఏం పెట్టేవారు? రెండో రకం పత్తి. ల్యాబు కూడా రెండో రకమనే చెప్పేది. కానీ ఇందులో ఉన్నది మొదటి రకం. అంటే తీసినవాళ్ళకి నమూనా కావాలి, నిజమూ బయటపడాలి."

టైపిస్టు రాయడం మరిచిపోయాడు.

"తాతగారూ, ముట్టుకోనిదే మాట్లాడని మీరు, ఇది మొదటి రకమని అంత దూరం నుంచి ఎలా చెప్పారు?"

ముసలాయన కాసేపు తన వేళ్ళవైపు చూసుకున్నాడు. తర్వాత కోటు లోపలి జేబులోంచి ఇంకో నీలం పొట్లం తీశాడు.

"అప్పుడు నాకు ముప్పయ్యేళ్ళు. ఆ వ్యాపారి కూతురూ, నేనూ ఒకే గదిలో పనిచేసేవాళ్ళం. ఏడేళ్ళు ఆ రాతే చూశాను. తనతో చెప్పాలనుకున్న మాట రోజూ రేపటికి వాయిదా వేసేవాణ్ణి. మొదటి పరీక్షలో అధ్యక్షుడి మాటకు తలొంచి రెండో రకమన్నాను. మళ్ళీ పరీక్షకి ఈ పొట్లం వచ్చింది. తన మొహం చూడలేక, విప్పకుండానే సంతకం పెట్టేశాను. అదొక్కటే నేను ముట్టుకోకుండా చెప్పిన పత్తి. మూడు వారాల కిందట ఈ తల్లి టీ తేవడానికి వెళ్ళినప్పుడు, ఒక్కసారి చూద్దామని విప్పాను."

కాగితం లోపలివైపు పెన్సిలు గీతలు మసకబారి ఉన్నాయి. అమ్మాయి చదివింది: "మీ వేళ్ళు అబద్ధం చెప్పవని నాన్నతో అన్నాను. ఈసారి నిజం చెప్పండి. చెబితే నేను రేపటి బండి ఎక్కను."

అమ్మాయి కాగితాన్ని తిరిగి ఆయన చేతికిచ్చింది.

"మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాను" అన్నాడు ముసలాయన. "స్తంభం చాటున నిలబడ్డాను. బండి కదిలేదాకా తను తలుపు దగ్గరే ఉంది. తండ్రి లోపలికి రమ్మంటున్నా రాలేదు. ఊరు విడిచిపోతున్న బాధ అనుకున్నాను. నాకోసమని మొన్నటిదాకా తెలీదమ్మా. ఈ కాగితాన్ని అద్దాల పెట్టెలో పెడతారంటే మనసొప్పలేదు. పత్తిని దీన్నుంచి విడదియ్యడానికీ చేతులు రాలేదు. అందుకే మొదటి రకం కొత్త పత్తిని గదిలోని పాత కాగితంలో చుట్టి, పైన తన రాతలాగే రాసి, దీని బదులు పెట్టాను. తప్పే. నీమీదకి వస్తుందని ఆలోచించలేదు, క్షమించు తల్లీ."

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. సెక్రటరీ లేచి నల్లబోర్డు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. జేబులోంచి జాబితా తీసి చూశాడు.

"మ్యూజియానికి ఇవ్వాల్సింది పత్తి. కాగితం సంగతి ఇందులో లేదు" అన్నాడు. "ల్యాబుకి పంపమ్మా. ఏం వస్తే అది రాయి. మా నాన్న పేరుతో సహా."

ముసలాయన పత్తిని తీసి, కాగితాన్ని మడుచుకున్నాడు.

"ఆవిడ రాసిన మాటలు పుస్తకంలో వెయ్యనా తాతగారూ? ఎక్కడున్నారో తెలీదు, ఉన్నారో లేదో కూడా తెలీదు. మీకు ఇబ్బందైతే వద్దు" అంది అమ్మాయి.

"వెయ్యి. నేను ఆలస్యంగా చదివానని కూడా రాయి" అన్నాడాయన. "తను ఎక్కడైనా ఉంటే, తన మాటలు చివరికి నేను చదివానని తెలుసుకుంటుంది."