నిద్రపోతున్న దేవగన్నేరు

స్కూల్ బస్సు దిగి పర్సిస్ నేరుగా బేస్‌మెంట్‌లోకి వెళ్లింది. భుజం మీద బ్యాగ్ కూడా దించలేదు. మగ్గుతో నీళ్లు పట్టి దేవగన్నేరు కుండీలో పోసింది.

చెట్టుకి ఆకు ఒక్కటీ లేదు. ఉత్త కొమ్మలు. బయట అమెరికాలోని ట్రాయ్ ఊరంతా మంచు.

ఆ చెట్టు తాతయ్యది. ఎండాకాలం ఇంటి వెనక చెక్క డెక్ మీద పెట్టేవాడు. చలి మొదలవగానే లోపలికి తెచ్చేవాడు. ఈసారి తాతయ్య లేడు. అమ్మే మోసుకొచ్చి దించింది.

ఆకులు రాలుతుంటే అన్న లెవి నవ్వాడు. బార్బెక్యూకి కట్టెలు రెడీ అన్నాడు. ఏమైందని పర్సిస్ అమ్మని అడిగింది. నిద్రపోతోందమ్మా, ముట్టుకోకు అంది అమ్మ.

తాతయ్య పోయిన రోజు చర్చిలో పాస్టర్ గారు ఆ మాటే అన్నారు. దైవాశీర్వాదం గారు ప్రభువునందు నిద్రించారు అని. తాతయ్య మళ్లీ లేవలేదు.

చెట్టునైనా లేపాలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. రోజూ నీళ్లు పోసింది.

ఆ శనివారం అమ్మ కాండం పట్టుకుంది. అది మెత్తగా లోపలికి నొక్కుకుపోయింది. మట్టి కంపు కొట్టింది. అమ్మ కుండీలో వేలు గుచ్చింది, బురద అంటింది.

"ఎవరు పోశారే నీళ్లు?"

"నేనే మమ్మీ. నిద్రపోతోందన్నావుగా. చచ్చిపోతుందని భయమేసింది."

అమ్మకి అర్థం కాలేదు. పర్సిస్ చర్చిలో విన్న మాట చెప్పింది.

"చెట్టు నిద్ర వేరమ్మా. చలికాలం అది నీళ్లు తాగదు. పోస్తే కుళ్లిపోతుంది."

"మరి తాతయ్య?"

"చనిపోయాడు" అంది అమ్మ. ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదలు.

అమ్మ కత్తితో కోస్తూ పోయింది. ఏ ముక్క చూసినా లోపల నల్లగా ఉంది. ఒక్క కొమ్మ కొస మాత్రం తెల్లగా ఉంది, పాలు కారాయి. దాన్ని ఆరబెట్టి పొడి మట్టిలో గుచ్చారు. వేరు పడుతుందో లేదో అమ్మకీ తెలీదు. తెలిసినవాడు లేడు.

మార్చి వచ్చింది. కొమ్మ ముడతలు పడింది. చూసి పర్సిస్‌కి ఏడుపొచ్చింది. ట్యాప్ దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది.

"మమ్మీ, అది ముడుచుకుపోతోంది. నీళ్లు పోయాలా, వద్దా? నాకు తెలీడం లేదు."

నాకూ తెలీదే అంది అమ్మ. స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని, పర్సిస్ వెంట కిందికి దిగింది.