రెండు గళ్ల పగ

పొద్దున ఎనిమిది దాటితే సిరిసిల్లలోని ఆ వీధిలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఇంటింటికీ వెనక ఒక రేకుల షెడ్డు, షెడ్డులో సాంచాలు. మరమగ్గానికి అక్కడ అదే పేరు. ముప్పై అయిదేళ్లు ఆ చప్పుడులో నిలబడి సదానందం చెవులు సగానికి సగం పోయాయి. ఆయనతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి, గొంతు పెంచి చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఇంట్లో చాలా ముచ్చట్లు ఆయన దాకా పోనే పోవు.

ఆ రోజు సాంచాలు మొదలు కాకముందు ఆయన భార్య శంకరవ్వ గడపలో కూర్చుని కండెలు చుడుతోంది. కూతురు సృజన చాయ్ గ్లాసులు కడుగుతోంది. ఇంతలో శంకరవ్వ ఫోను మోగి ఆగింది.

"సృజనా, జర గిది తెరువే. మీ అన్న ఏందో పంపిండు."

తడి చేతులు కొంగుకు తుడుచుకుని సృజన వీడియో తెరిచింది. కరీంనగర్‌లో ఏదో హాలు. వేదిక మీద అన్న ఓంప్రకాశ్, భుజాల మీద శాలువా. ఎవరో పెద్దమనిషి మైకులో, "ఈ చీరల అంచులన్నీ ఒంటిచేత్తో గీసిన మన యువ డిజైనర్" అంటున్నాడు. ఓంప్రకాశ్ చేతులు జోడించి, "ఎన్నో ఏళ్ల కష్టం సార్" అన్నాడు. చప్పట్లు మోగాయి.

"చూడు, నా కొడుకు ఎట్ల మెరుస్తుండో!" అని శంకరవ్వ మురిసిపోయింది.

సృజన ఫోను తల్లి ఒళ్లో పెట్టేసింది. ఆ అంచుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా వాడు గీసింది కాదు. రెండేళ్ల కింద వాడు కరీంనగర్‌లో గది తీసుకుని, చెల్లెలికి ఒక ట్యాబ్ కొనిచ్చాడు. అందులో తెల్లటి బోర్డు తెరుచుకుంటుంది. సిరిసిల్లలో సృజన పెన్నుతో గీత గీస్తే, అదే క్షణంలో కరీంనగర్‌లో అన్నకూ, ఆదిలాబాద్‌లో చీరల వ్యాపారి లక్ష్మీరాజం సేటుకూ కనబడుతుంది. బోర్డు మీద ఎవరి చెయ్యి కదిలితే వాళ్ల పేరుతో ఒక చిన్న బాణం కదులుతుంది. "కంకి జర పొడుగు జెయ్యి" అని సేటు అంటే ఇక్కడ గీత సాగుతుంది. గీసేది చెల్లెలు, మాట్లాడేది అన్న. నలుగురిలో నోరు విప్పడానికి సృజనకు భయం కాబట్టి ఆ ఏర్పాటు ఆమెకూ బాగానే ఉండేది.

గ్లాసులు అక్కడే వదిలేసి పెరట్లోకి పోయి అన్నకు ఫోను చేసింది.

"అన్నా, వీడియో చూసిన. నా పేరు ఒక్కసారన్న తియ్యలే నువ్వు."

"ఏందే, నాకొచ్చినా నీకొచ్చినా ఒకటే కదా! పేరు ఇంట్లనే ఉన్నది."

"ఒకటే అయితే శాలువా నాకెందుకు కప్పుమనలేదు?"

"నీకు మైకు చూస్తెనే చలిజరమొస్తది. ఆడ ఏం మాట్లాడుదువు? రేపు లగ్గమై ఇంకో ఇంటికి పోతవ్, గీ పేరు పట్టుకపోయి ఏం జేస్తవ్? ఫికర్ జెయ్యకు, పండుగకు మంచి చీర కొనిస్త."

చీర! చీరలు గీసేదానికి చీర కొనిస్తాడట! సృజన ఫోను కట్ చేసింది. ఇంకాసేపు మాట్లాడితే ఏడ్చేసేది, ఏడిస్తే వాడు నవ్వేవాడు.

అంతటితో ఆగినా ఎలాగో మింగేసేదేమో. మరునాడు పదింటికి జొన్నకంకులూ పిచ్చుకలూ ఉన్న కొత్త అంచు చూడటానికి సేటు బోర్డు మీదికి వస్తానన్నాడు. సృజన లోపలి గదిలో తలుపు వేసుకుని, ముందుగా తెరిచి పెన్ను ఆనించింది. ఆమె బాణం కదిలింది. దాని కింద ఎప్పుడూ ఉండే 'సృజన' లేదు. 'హెల్పర్' అని ఉంది. బోర్డు అన్న పేరు మీదే ఉంది, అందులో పేర్లు మార్చేదీ వాడే. బయటివాళ్లకు బోర్డు చూపించాల్సి వచ్చిందేమో, రాత్రికి రాత్రే మార్చిపెట్టాడు.

ఆమె చెయ్యి ఎటు పోతే 'హెల్పర్' అటు పోయింది. కంకి మీదికి పోయింది, పిచ్చుక మీదికి పోయింది. ఆ పిచ్చుకను గీయడానికి ఆమె నెల రోజులు జొన్న చేల గట్ల మీద కూర్చుంది. ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండింది. నీ పరువు సేటు ముందే తీయకపోతే నేను సదానందం బిడ్డనే కాదు అనుకుంది.

ఎలా తీయాలో ఆమెకు వెంటనే తోచింది. సాంచాకు పెట్టే డిజైన్‌ను గళ్ల మీద గీయాలి. నింపిన ఒక్కో గడికి లెక్క ప్రకారం అట్టల్లో రంధ్రాలు పడతాయి, ఆ రంధ్రాలు చెప్పినట్టు దారాలు లేస్తాయి. గడి తప్పితే దారం తప్పుతుంది. ఆమె గీసిన జొన్నకంకి కాడ వెడల్పు సరిగ్గా రెండు గళ్లు. పైసగాన్ని రెండు గళ్లు పక్కకు జరిపితే, బోర్డు మీద దూరం నుంచి చూసేవాళ్లకు కాడ కొంచెం వంగినట్టే ఉంటుంది. బట్ట మీద మాత్రం కంకి మెడ విరిగి వేలాడుతుంది. సాంచా దగ్గర నిలబడినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది. ఓంప్రకాశ్ సాంచా దగ్గర నిలబడి పన్నెండేళ్లయింది.

పదింటికి సేటు గొంతు వినిపించింది. "ఓంప్రకాశ్, పిచ్చుక ముక్కు బాగ కుదిరిందయ్యా. ఎట్ల తోస్తయ్ నీకు గివన్ని?"

"చిన్నప్పటి సంది అదే ధ్యాస సేటూ," అన్నాడు ఓంప్రకాశ్.

వాడు తన ధ్యాస గురించి చెప్పుకుంటూ ఉండగానే, ఇద్దరి కళ్ల ముందే, 'హెల్పర్' బాణం మెల్లగా కంకి మీదికి వచ్చింది. కాడ పైసగం చుట్టూ గీత గీసి, పట్టుకుని, రెండు గళ్లు పక్కకు లాగి వదిలింది. ఇద్దరికీ తేడా పట్టుబడలేదు. రెండేళ్లలో ఆ బోర్డు మీద సృజనకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఖాయం," అన్నాడు సేటు. "నమూనా ఏడ నేయిస్తవ్?"

"మా బాపు సాంచా మీదనే సేటూ."

ఇది ఆమె లెక్కలోనే ఉంది. అసలు ఆమె నమ్ముకున్నదే బాపును. జానెడు బట్ట దిగగానే బాపు పట్టేస్తాడు. ఒకే తప్పు ప్రతి కంకికీ అదే చోట పడితే అది చేతి తప్పు కాదు, డిజైన్ తప్పు. ఆ సంగతి ఆమెకు నేర్పిందే ఆయన. పట్టుకున్నాక ఓంప్రకాశ్‌ను ఫోనులో ఉతికి ఆరేస్తాడు. గీసినవాడివి నువ్వే కదా, దిద్దు అంటాడు సేటు. అప్పుడు మన యువ డిజైనర్‌కు పెన్ను ఏ కొసన పట్టుకోవాలో కూడా తెలియదు. ఆ సొగసు చూడాలని ఆమె నాలుగు రోజులు వేళ్ల మీద లెక్కబెట్టుకుంది.

అట్టలు వచ్చాయి. సదానందం వాటిని కళ్లకద్దుకుని సాంచా పైనుండే జకార్డు పెట్టెకు ఎక్కించాడు. సాంచా నడిచింది. మూర బట్ట దిగింది. ఆయన సాంచా ఆపాడు.

సృజన షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఎదురుచూసింది. ఇక ఫోను అడుగుతాడు, ఇక అడుగుతాడు. ఆయన అడగలేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి జకార్డు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజంతా విప్పాడు. మరునాడు కొక్కేలు ఒక్కొక్కటిగా తుడిచి, తాళ్లు మార్చి, మళ్లీ బిగించి నేశాడు. మళ్లీ కంకి మెడ విరిగింది. మళ్లీ ఎక్కాడు. తీగ గీరుకుని వేళ్లు చిట్లితే గుడ్డపేలిక చుట్టుకున్నాడు. శంకరవ్వ తినమని గటక తెచ్చి పెడితే అది ఎండి పెచ్చు కట్టింది.

"బాపూ," సృజన దగ్గరికి పోయి గట్టిగా అడిగింది, "తప్పు ఏడున్నదో దొరికిందా?"

"సాంచలనే ఉన్నది బిడ్డా. ముసల్దయింది, నా లెక్కనే. నాకు కండ్లు గూడ సక్కగ ఆనుత లెవ్వు." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఒక్క మాట చెబితే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే అన్న బతికిపోతాడు. రేపు సేటు అడుగుతాడు కదా, అప్పుడు ఎలాగూ అన్న మెడకే చుట్టుకుంటుంది అని మనసుకు నచ్చజెప్పుకుని ఇంట్లోకి వచ్చేసింది. పగ పట్టినవాళ్లకు సాకులకు కొదవా?

నమూనా చెడిందని ఫోనులో తెలుసుకుని మూడో రోజు ఓంప్రకాశ్ మొదటి బస్సుకే దిగాడు. చెప్పులతోనే షెడ్డులోకి పోయి బట్ట పట్టుకుని చూశాడు. డిజైన్ తప్పో, నేత తప్పో వాడికి తెలిస్తే కదా!

"ఏంది బాపూ గిది? సేటుకు ఏం మొహం చూపియ్యాలె? గీ సాంచా తుక్కుకు అమ్మేద్దామంటే విన్నవా? చేతగానప్పుడు చేతగాదని చెప్పాలె!"

"అరే, మెల్లగరా," అంది శంకరవ్వ. "రెండు దినాల సంది తిండి తినలేదు మీ బాపు."

"తినకపోతె? నా పరువు వోతుంది అవ్వా!"

సదానందం కొడుకు పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాడు. వినబడినంత వినబడింది. తలవంచుకుని, "తప్పు నాదే రా. సేటుతోని నేనే మాట్లాడుత," అన్నాడు.

ఓంప్రకాశ్ బట్ట ఫోటో సేటుకు పంపాక ట్యాబ్‌లో బోర్డు తెరుచుకుంది. లక్ష్మీరాజం గొంతు చిరాగ్గా ఉంది. "ఏంది ఓంప్రకాశ్, నమూనా ఫోటో చూసిన. డిజైన్‌లనే గడ్‌బడ్ ఉన్నట్టున్నది కదా?"

ఇదే సృజన ఇన్ని రోజులుగా కలగన్న క్షణం. ఓంప్రకాశ్ నోరు తెరిచేలోగా సదానందం ట్యాబ్ మీదికి వంగాడు. గట్టిగా మాట్లాడితేనే అవతలివాళ్లకు వినబడుతుందని ఆయన నమ్మకం. వీధి వీధంతా వినేలా అరిచాడు.

"సేటూ, నేను సదానందాన్ని. డిజైన్ల తప్పు లేదు. గది నా బిడ్డ సృజన గీసింది. ఆమె గీసినంక గడి తప్పే ముచ్చటే లేదు. అందుకే నేను గా దిక్కు సూడనే సూడలే. తప్పంత నా సాంచది, నా కండ్లది. కావాలంటె ఇంకో సాంచా మీద నేయించుకో, డిజైన్‌ను మాత్రం వాపస్ పంపకు."



"సృజన గీసిందా?" అన్నాడు సేటు. "ఓంప్రకాశ్ గీసినదాన్ని ఆమె ఉత్తగ దిద్దుతదన్నరు కదా?"

సదానందం కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు సేటుకు చెప్పలేదారా? మొన్న శాలువా గూడ ఆమె తరఫున తీస్కున్నవనే నేననుకున్న."

ఓంప్రకాశ్ నేల చూపులు చూశాడు. సృజన గెలిచింది. ఆమె కోరిన పేరు కోరినదానికన్నా గట్టిగా వినబడింది, అన్న తల ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువే వంగింది. కానీ ఆమె చూపు పేలికలు చుట్టిన బాపు వేళ్ల మీద ఉంది. మైకు చూస్తే వణికే పిల్ల ట్యాబ్‌ను తన వైపు తిప్పుకుంది.

"సేటూ, సాంచా మంచిగనే ఉన్నది. మా బాపు కండ్లు మంచిగనే ఉన్నయ్. కాడను రెండు గళ్లు పక్కకు జరిపింది నేను. మా అన్న మీద కోపంతోని, మీ అందరి ముందటనే జరిపిన." బాపుకు వినబడలేదేమోనని ఆయన ఎదురుగా పోయి, మొహం చూసి, మళ్లీ చెప్పింది. "నేనే జరిపిన బాపూ. అన్నను నువ్వు తిట్టాలని జరిపిన. నువ్వు నిచ్చెన ఎక్కి దిగుతుంటె చూసుకుంట ఊకున్న."

శంకరవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓంప్రకాశ్ కోపంగా తల ఎత్తాడు. తండ్రి ముందు అరిచిన అరుపులు గుర్తొచ్చాయేమో, ఎత్తిన తల అట్లాగే దించాడు.

"నాదే తప్పు సేటూ," అన్నాడు పీలగా. "డిజైన్లన్ని మా చెల్లెవి. నాకు గీసుడు రాదు. బాపూ, నోటికొచ్చినట్టు అన్న. మాఫ్ జెయ్యి."

"మీ ఇంటి పంచాయితీ మీరు తెంపుకోండ్రి," అన్నాడు లక్ష్మీరాజం. "సృజనా, నాకు పిచ్చుకలు కావాలె. సోమారం లోపట మంచి నమూనా పంపు."

సృజన పెన్ను పట్టుకుని కాడను దాని చోటికి జరిపింది. రెండుసార్లు తప్పింది, మూడోసారికి కుదిరింది. ట్యాబ్ తీసుకుపోయి తండ్రి ముందు పెట్టింది.

"బాపూ, ఈసారి నువ్వు లెక్కబెట్టు. ఒక్కొక్క గడి చూడు. నన్ను నమ్మకు."

తిడతాడనుకుంది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండుననుకుంది. సదానందం ట్యాబ్ వైపు చూడనైనా చూడలేదు.

"చూసుడు దేనికి బిడ్డా? నువ్వు దిద్దినవు కదా," అని సాంచాకు నూనె వేయడానికి లేచిపోయాడు.

సృజన అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగకపోయినా ట్యాబ్ ఒళ్లోకి లాక్కుంది. కళ్లు తుడుచుకుంటూ, మొదటి గడి నుంచి ఆఖరి గడి దాకా, మూడుసార్లు లెక్కబెట్టింది.